ఆసియాలోనే ఏకైక బావమరిది

రిటైరైన తెలుగు లెక్చరర్ త్యాగరాజుకు మిగిలిన పరువు ఒక్కటే. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వంలో ఆయన కళాకారుల పేజీలు సరిచూస్తాడు. ఆధారం లేని గొప్పలు ఒక్క ముక్క కూడా తన చెయ్యి దాటి పోలేదని ఆయన నమ్మకం. ఆ ఆదివారం పొద్దున కూడా పెద్ద పనేం పెట్టుకోలేదు. ఒక పేజీ చూసి, పెసరట్టు తిని, పడుకోవాలి. బ్రాడీపేటలో ఎండ అప్పుడే మండిపోతోంది. ఒంట్లో ఓపిక కూడా అంతంతమాత్రమే.

తీరా చూస్తే ఆ పేజీ సొంత బావమరిది యలమందది. మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతూ, పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కడతాడు. మొదటి వాక్యమే ఇలా ఉంది: “ఆసియా ఖండంలోనే ఏకైక కృష్ణ పాత్రధారి యలమంద గారు పద్యం ఎత్తుకుంటే పాతికవేల మంది ఊపిరి బిగబట్టేవారు.” ఆధారంగా ఒక ఫ్లెక్సీ ఫొటో పెట్టారు. త్యాగరాజు నిట్టూర్చి, పక్కన “ఆధారం కావాలి” అని తగిలించాడు. పెసరట్టు పెనం మీద ఉండగానే ఫోన్ మోగింది.

“ఏంది బావా, నా పేజీకి మచ్చ పెట్టావంట?”

“ఆ ఫ్లెక్సీ ఎవరేయించార్రా?”

“నేనే.”

“పేజీ ఎవరు రాశారు?”

“నేనే. నా గురించి నాకంటే ఎవడికి బాగా తెలుసు?”

“ఓరి నీ అసాధ్యం కూలా! తన గురించి తను చెప్పుకుంటే చెల్లదురా. సంబంధం లేనివాళ్ళు రాయాలి. కనీసం పేపర్లో అన్నా రావాలి.”

“అంతేగా! పేపర్లో వేయిద్దాం,” అని ఫోన్ పెట్టేశాడు యలమంద.

అయ్యో, ఆ చివరి ముక్క అనకుండా ఉంటే ఎంత బాగుండేది! పేపర్లో పడాలంటే ఏదో ఒకటి జరగాలి కాబట్టి యలమంద తనకు తానే సన్మానం పెట్టించుకున్నాడు. సన్మానం అన్నాక ముఖ్య అతిథి ఉండాలి. చదువుకున్నవాడు, ఇంటిపేరు వేరైనవాడు, పిలిస్తే కాదనలేనివాడు ఎవరా అని చూస్తే బావే కనిపించాడు.

“నేను రాను,” అన్నాడు త్యాగరాజు.

“మీరు రాకపోతే పుట్టింటోళ్ళకి నా మొహం ఎట్టా చూపించను?” అట్లకాడ చేత్తో పట్టుకునే అడిగింది భార్య కోటేశ్వరమ్మ. “వాడేం ఆస్తి రాసివ్వమన్నాడా? ఒక శాలువా కప్పమన్నాడు, అంతేగా!”

మరుసటి ఆదివారం మార్టూరులో, మెడలో బంతిపూల దండతో ఆయన వేదికెక్కక తప్పలేదు. కింద కూర్చున్నవాళ్ళంతా యూనిట్ పనివాళ్ళు, చుట్టాలు. నిజం చెప్పేసి ఇంటికి పోదామని మైకందుకున్నాడు. “యలమంద బాగా పాడతాడు. కానీ ఆసియాలోనే ఏకైక కృష్ణ పాత్రధారి...” అనేసరికి చప్పట్లు అందుకున్నాయి, ఈలలు కూడా పడ్డాయి. “...అనడానికి ఆధారం లేదు” అన్నది ఆయనకే వినపడలేదు.

దిగి, విలేకరి ఆదెయ్యను పక్కకు పిలిచాడు. “ఏమయ్యా, నేనన్నది సరిగ్గా రాసుకున్నావా?”

“మీ ప్రసంగం పొద్దున్నే పంపేశానండి,” అన్నాడు ఆదెయ్య వినయంగా. “యలమంద గారు నిన్ననే రాసిచ్చారు. చాలా బాగా మాట్లాడారండి మీరు.”

తెల్లారి జిల్లా పేజీలో ఫొటోతో సహా వచ్చింది. “ఆసియాలో ఏకైక కృష్ణ పాత్రధారి యలమంద: విశ్రాంత అధ్యాపకుడు త్యాగరాజు వెల్లడి.” కోటేశ్వరమ్మ సంబరపడిపోయి పెసరట్టులో ఉప్మా కూడా పెట్టింది. ఆయన పళ్ళెం పక్కకు జరిపి పేజీ తెరిచాడు. అప్పటికే విజ్ఞాన సర్వస్వంలో ఆ వాక్యం పక్కన మచ్చ పోయి, పేపరు లంకె చేరింది. చేర్చింది ఆయనలాగే పేజీలు సరిచూసే జ్యోతిర్మయి. ఆ పని ఆ అమ్మాయికి నేర్పింది త్యాగరాజే.

ఆయనకు కడుపు మండిపోయింది. ఆ పేజీ గురించి చర్చించుకునే చోట రాశాడు: “అమ్మా జ్యోతిర్మయీ, ఆ త్యాగరాజును నేనే. ఆ మాట నేను అనలేదు.”

కాఫీ చల్లారేలోపే జవాబు వచ్చింది. “నమస్కారం మాస్టారూ. తన గురించి తను చెప్పుకుంటే చెల్లదని మీరే నేర్పారు కదండీ. పేపర్లో వస్తే చూద్దాం.”

పైన ఆయన రాసిన వాక్యం పక్కన, చిన్న అక్షరాల్లో, “ఆధారం కావాలి” అని ఉంది.