ప్రభుదాసు తెచ్చిన మంచు సరస్సు

ఆ మార్చి నెల శనివారం ఉదయం ప్రభుదాసు అనుకున్నది చాలా చిన్న పని. నంద్యాల వెళ్లి ఐసు ఫ్యాక్టరీలో పెద్ద దిమ్మె ఒకటి కొని, మధ్యాహ్నంలోపు ఆళ్లగడ్డ తెచ్చి పెరట్లోని గంగాళంలో తేలెయ్యాలి. ఆయన హైస్కూల్లో భూగోళం చెబుతాడు. చలిదేశాల్లో సరస్సులు గడ్డకడతాయనీ, వసంతంలో ఆ మంచు ఎప్పుడు విరుగుతుందో అక్కడివాళ్లు ముందే అంచనా కడతారనీ పాఠం చెప్పినప్పటి నుంచి ఆయనకే నిద్ర పట్టడం లేదు. ఎండను బట్టా? గాలిని బట్టా? మంచు మందాన్ని బట్టా? చూస్తేనే తెలుస్తుందని, సాయంత్రం పిల్లల్ని ఇంటికి రమ్మన్నాడు.

"తాగనీకి నీళ్లు లేవు, నువ్వు చెరువు గడ్డకట్టిస్తాండావా?" అంది భార్య కృపావతి.

తిరుగు బస్సులో, రంపపు పొట్టు పోసి గోనెపట్టలో చుట్టిన దిమ్మె ఆయన కాళ్ల దగ్గర కారుతూ ఉంది. ఆ రోజుల్లో అంత దిమ్మె ఇంటికి పోతోందంటే పెళ్లికో, శవానికో. పెళ్లికైతే మనిషి ముఖం అంత దిగులుగా ఉండదు. కండక్టరు ఓబయ్య గొంతు తగ్గించాడు.

"ఐసా సార్? ఎప్పుడు తీస్తారు?"

"పిల్లోళ్లు ఒకసారి చూడాల. అందాకా ఆగుతుందో లేదో" అన్నాడు ప్రభుదాసు దిమ్మె వైపే చూస్తూ.

"ఇంట్లో పెద్దోళ్లుండారా?"

"పెద్దమ్మ ఉంది. మొన్నటి నుంచి జరం."

ఓబయ్యకు అంతా అర్థమైపోయింది. డ్రైవరు చెవిలో చెప్పాడు. బస్సు సిరివెళ్లలో నిలిచీ నిలవకముందే కదిలింది. ముందు సీటులోని ఆళ్లగడ్డ కమలాక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పంతుళ్లంటే లోకానికి ఇంకా ఇంత గౌరవం ఉందా అని ప్రభుదాసు సంతోషించాడు.

దిమ్మెను ఆయన జట్కాకు ఎక్కించేలోపు కమలాక్షమ్మ అడ్డదారిన ఆయన వీధికి చేరి కబురు చెప్పేసింది. ప్రభుదాసు వచ్చేసరికి ఇంటికి తాళం, వాకిలి నిండా జనం. పాస్టరు బాలస్వామి బైబిలు పట్టుకుని నిలబడ్డాడు. వడ్రంగి గురుస్వామి పెట్టెకు కొలత తీసుకోవడానికి టేపు తెచ్చుకున్నాడు. అది చూసి ప్రభుదాసు దిమ్మెను జట్కాలోనే వదిలేశాడు.

"పెద్దమ్మా!" అని అరుగు మీద కూలబడి ఏడ్చాడు. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

అప్పుడే ఆసుపత్రి నుంచి కృపావతి భుజం పట్టుకుని పెద్దమ్మ జీవమ్మ వచ్చింది. ఏడుస్తున్న జనాన్ని చూసి తానూ శోకం అందుకుంది. కాసేపటికి పక్కనున్న కమలాక్షమ్మను అడిగింది.

"ఎవురమ్మా పోయింది?"

"జీవమ్మంట, అవ్వా" అని కళ్లు తుడుచుకుని చూసిన కమలాక్షమ్మ నోరు తెరిచింది.

అంతా తెలిశాక కూడా ఎవరూ కదల్లేదు. దిమ్మెను పెరట్లోకి మోసి గంగాళంలో వేసి, దాని చుట్టూ చేరారు. ఎండకు వేడెక్కిన నీళ్లలో దిమ్మె కింది అంచులు ముందుగా పలచబడుతున్నాయి.

"పొట్టు అంటిన కాడ గుంటలు పడతాండాయి సార్!" అన్నాడు గురుస్వామి వంగి.

ప్రభుదాసు కూడా వంగాడు. ఏడ్చిన సంగతే మర్చిపోయాడు. పిల్లలు వచ్చేసరికి విరుగుతుందని ఆయన, పొద్దుగూకే దాకా ఉంటుందని పాస్టరు అంచనా కట్టారు.

"ఇప్పుడే ఇరుగుతాది" అంది జీవమ్మ.

"ఎట్ల చెప్తాండావ్ పెద్దమ్మా?" ఆయన నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

జీవమ్మ వంటింట్లోంచి రోకలి తెచ్చింది. "నా కోసం ఎండన పడి వచ్చినారు. షర్బత్తు ఇయ్యకుండా పంపాల్నా?"

సాయంత్రం వచ్చిన పిల్లలు, గంగాళంలో తేలుతున్న నిమ్మతొక్కలు చూసి, ఆ చలిదేశంలో వసంతం వచ్చేసిందని తేల్చుకుని వెళ్లిపోయారు.