వైకుంఠరావు మల్లెపొద కత్తిరించుట

మల్లెపొదను కత్తిరించడానికి మాఘమాసమే అదనని మదరాసు నుంచి వచ్చిన తోటపని పుస్తకంలో చదివిన నాటి నుంచి వైకుంఠరావుకు కాలు నిలవడం లేదు. గుమ్మం పక్కనున్న ఆ పొదను భార్య కామాక్షి ఖల్లికోట పుట్టింటి నుంచి తెచ్చి నాటుకుంది. మూడేళ్లయినా ఒక్క మొగ్గ తొడగలేదు. అయినా ఆవిడ దాని మీద కత్తి పడనివ్వదు. ఇంట పూసిన మల్లెలు ఆవిడ జడలో చూడాలని అతగాడి కోరిక. అందుకే ఆవిడ పుట్టింటికి రైలెక్కిన ఉదయమే తోటమాలి పైడన్నను పిలిపించాడు.

మధ్యాహ్నానికి మిగిలినవి మూరెడు మోళ్లు. వైకుంఠరావు వాటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"సచ్చిపోతాదేటిరా?"

"ఏటి బాబూ బయం? కోసినకాడ పసుపు రాస్తే కుళ్లదు. మేకలు ముట్టకండా యాపమండలు కడతాను," అన్నాడు పైడన్న. రాశాడు, కట్టాడు, తన దారిన పోయాడు.

గుమ్మంలో పసుపు, వేపమండలు! మశూచి పేరెత్తడానికి జంకే వీధి వీధంతా ఒకే మాట అనుకుంది: ఆ ఇంట్లో అమ్మవారు పోసింది. ఎదురింటి పోతయ్య వీధి అవతలే ఆగి చేతులు జోడించాడు.

"బయటికి రాకండి బాబూ! ఎన్నో రోజు?"

"నాకేటీ లేదయ్యా! అది మల్లెపొద!"

"తప్పు, తప్పు! అలా అనకూడదు. తల్లికి కోపం వస్తాది," అని పోతయ్య చెంపలు వేసుకున్నాడు.

కాదన్నకొద్దీ దండాలు ఎక్కువయ్యాయి. బడా బజారులో అతని బట్టలకొట్టు మెట్టెక్కే నాథుడు లేడు. మర్నాడు టీకాల మనిషి వచ్చి, ఒళ్లంతా వెతికి, ఒక్క పొక్కూ కనబడక నిరాశపడి, ఎందుకైనా మంచిదని టీకా పొడిచిపోయాడు. చెయ్యి వాచింది, జ్వరం కాసింది. మొక్కా పోయె, పరువూ పోయె, ఆవిడకేం చెప్పేది దేవుడా అని వైకుంఠరావు మంచం మీద ఏడ్చినంత పని చేశాడు.

రైలుస్టేషనులోనే కబురు విని కామాక్షి గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"నీ మొక్కను నేనే నరికించాను కామాక్షీ..."

"అయ్యో, జొరంలో ఏటేటో అంటన్నారు!" ఆవిడ గుమ్మంలో మోళ్ల పక్కనే కొంగు పరిచి మొక్కింది. "తల్లీ, మొక్క పోతే పోనీ, ఈయన లేచి తిరిగితే సాలు. ఇది మళ్లీ సిగిర్చి పూస్తే పువ్వు పువ్వూ నీకే. నేనొక్కటీ ముట్టను!"

వైకుంఠరావు నాలుగు రోజుల్లో లేచాడు. చైత్రానికి పొద విరగబూసింది. రోజూ బుట్టెడు పూలు అమ్మవారి గుడికి వెళ్తున్నాయి.

కామాక్షి జడలోకి మాత్రం అతను బడా బజారులో కొని తెస్తున్నాడు.