తేదీ పడే కెమెరా

ఆ సోమవారం పొద్దున మద్దిలేటి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సద్ది తిని, ఎండ ముదరకముందే మోపెడ్ మీద ఎర్రచెలిమికి పోవాలి. గిడ్డమ్మ బతికే ఉందని రుజువుగా ఆమె ఫొటో ఒకటి తీసుకోవాలి. భోజనం వేళకు ఆఫీసుకు తిరిగి రావాలి. స్వామి కార్యమూ స్వకార్యమూ రెండూ తీరతాయి కదా అనుకున్నాడు.

స్వామి కార్యం కెమెరాది. అది రెండువేల మూడో సంవత్సరం. జిల్లా నుంచి మండలాఫీసుకు సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా ఒకటి వచ్చింది. కొన్నాళ్ళు వాడి చూసి, ఆఫీసు నిత్య వాడకానికి పనికొస్తుందో లేదో రిపోర్టు పంపమని పైవాళ్ళ ఉత్తరువు. అటెండరు దానికి కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టాడు. ఆ బొట్టు అద్దం మీద పడకపోవడమే ఆ కెమెరాకు ఆ ఆఫీసులో జరిగిన మొదటి మేలు, చివరి మేలు కూడా. పరీక్షించే పని జూనియర్ అసిస్టెంట్ మద్దిలేటి నెత్తిన పడింది. చిన్నాయన కూతురి పెళ్ళిలో ఫొటోలు తీశానని అతనే ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు. ఆ పెళ్ళి ఫొటోల్లో ఒక్కటీ రాలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

స్వకార్యం గిడ్డమ్మది. ఎర్రచెలిమిలో ఇంటికొక గిడ్డమ్మ ఉంటుంది. గుట్ట మీది గిడ్డయ్య స్వామికి మొక్కుకుని పెట్టుకునే పేరు అది. పోయిన ఏడాది పడమటి వీధి గిడ్డమ్మ చనిపోతే, జాబితాలో తూర్పు వీధి గిడ్డమ్మ పేరు కొట్టేశారు. పింఛను ఆగింది. ఆ పింఛనుతోనే ముసలామె ఆయాసం మాత్రలు కొనుక్కునేది. ఆమె కొడుకు పెద్ద ఈరన్న ఆఫీసు గడప అరిగేలా తిరిగాడు. సూపరింటెండెంట్ రెజీనా మేడమ్ మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి.

"ఆమె బతికుంటే ఆమెనే రమ్మను. కొడుకొచ్చి మాయమ్మ బతికుండాది అంటే ఎట్ల నమ్మేది?"

"మంచం దిగలేదు మేడమ్. రెండడుగులేస్తే ఆయాసం," అనేవాడు ఈరన్న.

ఆ మాట రోజూ వింటూ ఉండలేక మద్దిలేటే ఒక ఉపాయం చెప్పాడు. "ఈ కెమెరాలో ఫొటో కింద తేదీ దానంతటదే పడుతుంది మేడమ్. నేను పోయి తీసుకోనొస్తా. ఏ దినం తీసింటే ఆ దినానికి ఆమె బతికుండేదానికి అదే సాక్ష్యం." ఎంపీడీవో గారికి ఈ మాట బాగా నచ్చింది. రిపోర్టులో రాసుకోవడానికి ఒక ఉదాహరణ దొరికింది. తండ్రి ఉద్యోగంలో ఉండగా పోతే దొరికిన ఉద్యోగం మద్దిలేటిది, ఇంకా ప్రొబేషన్ తీరలేదు. పై అధికారి ముఖంలో నవ్వు చూడటం అతనికి అదే మొదలు.

గిడ్డమ్మ వసారాలో నులకమంచం మీద గోడకు ఆనుకుని ఉంది. ఊపిరి పిల్లనగ్రోవిలా కూస్తోంది.

"ఏమవ్వా, ఎట్లుండావు?"

"మీ కాగితాల్లో సచ్చినాను గదప్పా. ఈడ సావలేక సస్తాండా," అంది. "మాత్రలయిపోయి శానా దినాలాయ. అప్పడుగుదామంటే అంగడోడు కూడా నవ్వుతాడు, సచ్చినోళ్ళకు మాత్రలెందుకని."

 మద్దిలేటి కెమెరా తీశాడు. వెలుగు తళుక్కుమనగానే ముసలామె కళ్ళు మూసుకుంది. వెనక ఉన్న బుల్లి అద్దంలో బొమ్మ కనపడగానే వసారా చుట్టూ ఉన్న జనం విరగబడ్డారు. కడగకుండానే బొమ్మ వచ్చిందంటే ఎవరు ఊరుకుంటారు? ఒకామె కోడలిని నిలబెట్టింది. ఒకాయన ఎద్దును తోలుకొచ్చాడు. పక్కింటి గంగక్క తన మేకపోతుకు తీస్తే గానీ దారి ఇవ్వనంది. జనాన్ని కాదంటే ఆఫీసుకు చెడ్డపేరు, తీస్తే కెమెరా సెల్లులకు చావు. మేకపోతు దగ్గర కెమెరా కీచుమని కన్ను మూసింది.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక అంగట్లో పెన్సిల్ సెల్లులు దొరికాయి. రేడియోకు వేసేవి, దుమ్ము పట్టినవి. వాటిని వేయగానే కెమెరా లేచి ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఎండలో ఆ అక్షరాలు కనపడలేదు. ఉద్యోగంలో నేర్చుకున్నట్టుగానే, అర్థం కాని చోట మద్దిలేటి సరే అనే బొత్తాం నొక్కాడు. మళ్ళీ ముసలామె ఫొటో తీశాడు. మొదటిది ఇక అక్కర్లేదనుకుని, పొరపాటున తీసిన గంగక్క మోచేతి ఫొటోతో కలిపి చెరిపేశాడు. ఈసారి కూడా ఆమె కళ్ళు మూసుకుంది గానీ, సెల్లులు అంతకంటే ఓపిక పట్టలేదు.

"కండ్లు మూసినా పర్వాలేదులే. మనిషి కనపడుతుంది కదా," అన్నాడు ఈరన్నతో. "ఈ వారంలో అయిపోతుంది పని."

బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటరులో ఫొటో ప్రింటు తీయించి రెజీనా మేడమ్ బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ముందు మనిషిని చూసింది, తర్వాత మూలన నారింజ రంగులో ఉన్న అంకెలను చూసింది.

"ఈమె మన రికార్డులో సచ్చింది పోయిన ఏడాది. ఈ ఫొటో మీద ఉండేది రెండువేలో సంవత్సరం జనవరి ఒకటి. అప్పుడు ఆమె బతికుండాదంటే మనం కాదన్నామా?"

మద్దిలేటి వంగి చూశాడు. ఎండలో కెమెరా అడిగింది ఈవేళ తారీకెంత అనన్నమాట. తాను దానికి సరే అన్నాడు.

"సెల్లులు మార్చినప్పుడు తారీకు పోయింది మేడమ్. ఇది మొన్న తీసిందే."

"మొన్న తీసిందానికి మూడేండ్ల కిందటి తేదీ ఎట్ల పడుతుందప్పా? అయినా కండ్లు మూసుకోనుండాది. బతికుండేదానికి సాక్ష్యం తెమ్మంటే సచ్చినట్టుండే ఫొటో తెచ్చినావు."

మాట ఎంపీడీవో గారి గదిలోకి పోయింది. గదిలోకి పోయిన మాట గదిలోకి పోయినట్టే బయటికి రాదు. పోయిన నెల వచ్చిన కెమెరాతో రెండువేలో సంవత్సరంలో ఫొటో ఎలా తీశారు? అంటే ఎవరో పాత ఫొటో తెచ్చి ఇందులో ఎక్కించారు. ఎందుకు ఎక్కించారు? చచ్చిన మనిషి పేరు మీద పింఛను తినడానికి. భోజనం గంటకు మద్దిలేటి చేతిలో మెమో ఉంది. సంజాయిషీ ఇవ్వకపోతే ప్రొబేషన్ సంగతి ఆలోచించాల్సి వస్తుందని దాని సారాంశం.

అంతటితో ఆగితే బాగుండేది. ఫైలు తిరగేస్తూ రెజీనా మేడమ్ ఇంకొక దోషం పట్టింది. పింఛను జాబితాలో చనిపోయిన గిడ్డమ్మ రేషన్ కార్డులో ఇంకా బతికి బియ్యం తింటోంది. ఒక మనిషి ఒక రిజిస్టరులో చచ్చి ఇంకొక దాంట్లో బతికితే ఆడిటువాళ్ళు ఊరుకోరు. సాయంత్రానికి అక్కడా పేరు కొట్టించేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మద్దిలేటి తల పట్టుకున్నాడు. అతను కల్పించుకోకముందు ముసలామెకు మాత్రలు మాత్రమే లేవు. ఇప్పుడు బియ్యం కూడా లేవు.

ఈసారి అతను కెమెరాతో వచ్చిన పుస్తకం మొదటినుంచీ చదివాడు. దగ్గరి పెద్ద ఊరు కోడుమూరులో కొత్త సెల్లులు కొన్నాడు. తేదీ సరిచేసి, గోడ మీది క్యాలెండరుతో పోల్చుకున్నాడు. జేబులో ముసలామె కోసం ఆయాసం మాత్రలు పెట్టుకున్నాడు. ఊరు దగ్గరపడేకొద్దీ అతనికి ధైర్యం కలిగింది. కళ్ళు తెరిచి చూడవవ్వా అని బతిమాలితే చూడదా అనుకున్నాడు.

ఇంటి ముందు జనం ఉన్నారు. దూరం నుంచి చూసి, కెమెరా వార్త ముందే తెలిసిందేమో, ఈసారి ఎడ్లనూ మేకలనూ ఆపడం కష్టమే అనుకున్నాడు. మోపెడ్ దిగాక ఏడుపు వినపడింది.

గిడ్డమ్మ వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లవారుజామున ఆయాసం ఎక్కువై పోయిందట. ఆ పక్క ఇళ్ళల్లో పోయినవాళ్ళను పడుకోబెట్టరు. స్నానం చేయించి, కొత్త చీర కట్టి, నుదుట విభూది పెట్టి, నడుమును గుడ్డతో కుర్చీకి కట్టి కూర్చోబెడతారు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి చివరి ఫొటో తీయించుకున్నాకే ఎత్తుతారు. కోడుమూరు నుంచి రావలసిన ఫొటోగ్రాఫరూ రాలేదు, పూలదండలూ రాలేదు. దండలు తెస్తానన్నది కూడా ఆ ఫొటోగ్రాఫరే.

ఈరన్న ఎదురొచ్చి మద్దిలేటి చేతులు పట్టుకున్నాడు. "దేవుడు పంపినట్టొచ్చినావప్పా. ఎండకు మనిషిని ఇంకెంతసేపు పెట్టుకుందుము? మాయమ్మది ఇంట్లో ఒక్క పటం కూడా లేదు. నువ్వే తియ్యి."

"ఈరన్నా, నేనొచ్చింది..." అని ఆగిపోయాడు మద్దిలేటి. నేనొచ్చింది మీ అమ్మ బతికుందని చూపించడానికి అని ఏ నోటితో చెప్తాడు? జేబులో మాత్రల పొట్లం గరగరలాడింది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"రెండు దినాలు ముందొచ్చింటే మాట్లాడేది," అన్నాడు ఈరన్న. తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. అందుకే మద్దిలేటికి ఇంకా కష్టమనిపించింది.

కెమెరా బయటికి రాగానే ఏడుపు ఆగింది. ఆడవాళ్ళు కొంగుతో ముఖాలు తుడుచుకున్నారు. ఆ పక్క జనం ఫొటోకు నవ్వరు, ఏడవరు. చేతులు కిందికి వదిలి, రెప్ప వేయకుండా, పోలీసుల ముందు నిలబడ్డట్టు నిలబడతారు. గిడ్డమ్మ గడ్డానికి కట్టిన గుడ్డను కోడలు విప్పి, చీర కొంగు సర్దింది. కళ్ళు ఎంత మూసినా మూతపడలేదు. మద్దిలేటి బొత్తాం నొక్కాడు. వెలుగు తళుక్కుమంది. ఈసారి గిడ్డమ్మ కళ్ళు మూసుకోలేదు.

ఈరన్న కోసం పెద్ద సైజు ప్రింటు ఒకటి తీయమని కంప్యూటర్ సెంటరులో ఇచ్చి, మద్దిలేటి ఇంటికి పోయి స్నానం చేసి పడుకున్నాడు. ఆఫీసు ఖాతా ఉన్న సెంటరు అది. ఆ సెంటరువాడు ఫొటోను మర్యాదగా కవరులో పెట్టి ఆఫీసుకే పంపించాడు.

మరునాడు అతను సంజాయిషీ రాసుకుని పోయేసరికి రెజీనా మేడమ్ బల్ల వెనక నుంచి నవ్వుతోంది. ఆ ఆఫీసులో ఎవరూ ఎరగని సంగతి అది.

"ఇదీ ఫొటో అంటే! తేదీ సరిగ్గా ఉండాది. మనిషి నిక్కచ్చిగా కూర్చోనుండాది. ఎంత పెద్ద కండ్లు ఆమెవి! ఇంటోళ్ళంతా సాక్షులుగా నిలబడినారు. మొన్నటి దాంట్లో పీనుగ మాదిరుండేది, ఇప్పుడు సూడు ఎట్లుండాదో."

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ సామెతను అంత కచ్చితంగా వాడిన మనిషి మేడమ్ ఒక్కతే అయ్యుంటుంది, అదీ తెలియకుండా.

"మేడమ్, ఆమె చనిపోయింది," అన్నాడు మద్దిలేటి.

"అదే గదప్పా తప్పు! పోయినేడు సచ్చిందని రాసిన తప్పును ఈ పొద్దు సరిచేసినాం. పింఛను, బియ్యం రెండూ తిరిగి పెట్టేసినాం."

"పోయినేడు కాదు మేడమ్, నిన్న."

"నిన్నటి తేదీతో ఫొటో ఉండాది గదా?"

"ఆ ఫొటోలో... అప్పటికే..."

రెజీనా మేడమ్ నవ్వు ఆగింది. ఫొటోను మళ్ళీ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. కుర్చీ, నడుముకున్న గుడ్డ, ఎండకు కూడా చిట్లించని కళ్ళు. ఫొటోను నెమ్మదిగా బోర్లించింది.

"ఎంపీడీవో సారు సంతకం పెట్టేసినాడు," అంది గొంతు తగ్గించి. "ఈ కెమెరా వల్ల ఒక ముసలామె ప్రాణం నిలిచిందని పొద్దున్నే జిల్లాకు రాసి పంపినాడు. నీ మెమో కూడా చించేసినాడు. ఇప్పుడు నువ్వు పోయి ఆమె సచ్చిందంటే, మొదటిసారి సంపినందుకు నన్నడుగుతారు, రెండోసారి బతికించినందుకు నిన్నడుగుతారు. ఏమంటావు?"

 చెప్పేస్తానని అందామని మద్దిలేటి నోరు తెరిచాడు. ఇంట్లో తల్లి, చెల్లెలు, తీరని ప్రొబేషన్ గుర్తొచ్చి ఆ నోరు మూసుకున్నాడు. బతికున్నప్పుడు నమ్మించలేకపోయిన మనిషిని, చనిపోయాక చనిపోయిందని నమ్మించడానికి అతనికి చాతకాలేదు. అతనికి తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతతోనే తన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు.

పెద్దకర్మ నాడు ఇంకొక ప్రింటు తీయించుకుని ఎర్రచెలిమికి పోయి ఈరన్నకు ఇచ్చాడు. ఈరన్న దాన్ని పటం కట్టించి గోడకు ఎక్కడ తగిలిస్తాడో చూపిస్తూ, మూలనున్న నారింజ అంకెల మీద వేలు పెట్టాడు. "పోయిన దినం కింద రాయించాలంటే పెయింటరు కావాల. దీంట్లో అదే పడింది. మంచి కెమెరా సార్ ఇది." ఆ తర్వాత పింఛను, బియ్యం మళ్ళీ వస్తున్నాయని చెబితే ఈరన్న అతని ముఖంలోకి చూశాడు. "మాయమ్మకా?" అని ఒక్క మాట అడిగి, ఫొటోను గోడ వైపు తిప్పి పట్టుకుని లోపలికి పోయాడు.

ఆ వారమే మద్దిలేటి తన రిపోర్టు రాశాడు. సెల్లులు తొందరగా అయిపోతాయి, ఎండలో అద్దం కనపడదు, అయినా ఆఫీసు నిత్య వాడకానికి ఈ కెమెరా అన్ని విధాలా యోగ్యమైనదే, మనుషులు ఉన్నదీ పోయినదీ తేల్చడం మాత్రం దీని పని కాదు.