కంచెకి అవతల సేవ

మా ఆవిడ దుర్గాదేవి ఇప్పుడు లేదు గానీ, ఆవిడ కోపం మాత్రం ఇంట్లోనే ఉంది. ఇప్పటికీ తడి తువ్వాలు మంచం మీద పడేస్తే నాకు వెన్ను జలదరిస్తుంది. అంచేత ఈ కథ కాస్త గొంతు తగ్గించే చెబుతాను.

తుపానుకి మా అత్తగారి జీడితోట మొత్తం పడిపోయింది. ఆవిడ, రత్నాలమ్మ గారు, ఆ వయసులో మళ్లీ మొక్కలు వేయించి, బిందెతో నీళ్లు మోసి బతికించారు. నాలుగో ఏడు తొలికాపు వచ్చింది. వచ్చిందని అందరూ అన్నారే గానీ కంటికి కనపడలేదు. చెట్ల కింద లంటానా కంప నడుమెత్తు పెరిగిపోయింది. ఎరుపూ పసుపూ పూలతో చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. చెయ్యి పెడితే ఒళ్లంతా ముళ్లే. రాలిన జీడిపిక్క అందులో పడిందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే.

"అమ్మ సేతిలో తొలి పిక్కలు పెట్టాల. ఆదోరం కత్తి అట్టుకుని తోటకి రండి" అంది దుర్గ.

"నాకు నడుం నొప్పి."

"ఎప్పట్నించి?"

"ఇప్పుడే మొదలైంది."

ఆవిడ నా నడుం వంక చూసింది. ఆ చూపుకి నిజంగానే నొప్పి పుట్టింది.

మర్నాడు కాలేజీలో కూర్మనాథానికి చెప్పుకున్నాను. వృక్షశాస్త్రం లెక్చరర్. ఎవరికి కష్టమొచ్చినా సలహా ఇస్తాడు. ఆ సలహా వల్ల కష్టమొస్తే ఇంకో సలహా ఇస్తాడు.

"అక్కుపల్లి దారిలో పక్షుల వనం ఉంది కదా బావా, అందులో పరాయి మొక్కలు పీకే సేవ పెట్టాం. ఆదివారం వచ్చెయ్. సేవంటే చెల్లెమ్మ అడ్డు చెప్పదు."

"అక్కడ పీకాల్సిందీ కంపే కదా?"

"పీకేవాళ్లు పీకుతారు. నువ్వు నీడలో కూర్చుని నినాదాలియ్యి. మధ్యాన్నం పులిహోర."

చరిత్ర చెప్పే నాకు ఇంతకన్నా తగిన ఉద్యోగం ఏముంటుంది?

"సేవా? మరి నడుమో?" అంది దుర్గ, ఇంటికెళ్లి చెప్పగానే.

"కూర్చుని చేసే సేవే."

ఆదివారం పొద్దున్నే లేచింది. క్యారేజీ కట్టి మూత బిగించింది. ఎంత బిగించిందంటే, మధ్యాన్నం దాన్ని ముగ్గురం కలిసి తియ్యాల్సొచ్చింది. లోపల నాకిష్టమైన గుత్తివంకాయ. కోపం మూత దగ్గరే ఆగింది, కూరకి తగల్లేదు.

రెండో ఆదివారానికి నా నినాదాలకి పేరొచ్చింది. మూడో ఆదివారానికి నాకు ఒంటి మీద స్పృహ పోయింది. ఒక కంప మొక్కని వేళ్లతో సహా పెరికి, జెండాలా ఎత్తి పట్టుకుని, గట్టు మీదకెక్కి ఉపన్యసించాను.

"ఎక్కడినుంచో వచ్చి మన నేలని మింగేస్తున్న దీన్ని వేళ్లతో పెకలించాలి. నడుం వంచనివాడు మనిషే కాడు."

ఇరవై మంది చప్పట్లు కొట్టారు. అవతల కంచె మీంచి ఒక బుట్టా, దాని కింద ఒక మొహం లేచాయి.

"ఏటి మాస్టారూ, నడుం ఎలగుంది?"

నన్ను మాస్టారని పిలిచిందంటే కోపం నడినెత్తికి ఎక్కిందన్నమాట. వనం వెనక కంచెకి ఆనుకునే మా తోట అన్న సంగతి నాకు అప్పుడు వెలిగింది. నేనెప్పుడూ తోటకి ఊరి వైపు నుంచే వెళ్లేవాణ్ణి, అదీ జీడిపళ్లు తినడానికి.

"సేవ చేస్తున్నాను దుర్గా."

"సూత్తన్నాను. కంచెకి అటేపు కంప పరాయిది, ఇటేపు కంప సుట్టమా?"

కూర్మనాథం సర్దబోయాడు. "అది కాదు చెల్లెమ్మా..."

"అన్నయ్యా, ఈ కంప ఇక్కడికెలగొచ్చిందో సెప్పు."

పాఠం అడిగితే ఆగే మనిషి కాడు. "పిట్టలమ్మా. గోరింకలు దీని పళ్లు తిని రెట్ట వేస్తాయి. ఆ గింజే మొలుస్తుంది."

"ఏ పళ్లు?"

"దగ్గర్లో ఎక్కడ కాస్తే అక్కడివి."

దుర్గ పక్కకి తప్పుకుంది. వెనక మా తోట. నల్లటి పళ్లతో విరగకాసిన కంప. అందరూ చూస్తుండగా ఒక గోరింక అందులో పండు తిని, కంచె దాటి, మేం శుభ్రం చేసిన చోట వాలి, తన పని తాను కానిచ్చి ఎగిరిపోయింది.

"మూడు వారాల సేవ బూడిదలో పోసిన పన్నీరు చేశావు కదయ్యా" అన్నాడు కూర్మనాథం. సలహా ఇచ్చింది తనేనన్నది మర్చిపోయాడు. "ముందు ఈ తోట పీకందే వనం బాగుపడదు. పదండి."

నాకు లోపల్లోపల సంతోషం. ఇరవై మంది దిగితే పని ఒక్క పూటలో అయిపోతుంది. నడుమూ దక్కుతుంది.

దుర్గ కంచె తడిక తీసింది. "రండన్నయ్యా, రండి. మా తోటకొచ్చినోల్లు సుట్టాలు. సుట్టాల సేత పని సేయిత్తామేటి? నీడన కూకోండి, మజ్జిగ తెత్తాను. కంప వేళ్లతో ఎలగ పీకాలో ఈయన సూపిత్తారు."

కత్తి నా చేతికిచ్చింది.

వాళ్లు కూర్చున్నారు. మజ్జిగ తాగారు. పచ్చి జీడిపప్పు కూరతో భోంచేశారు. కూర్మనాథం లేచి నా నినాదం నాకే అప్పజెప్పాడు. "నడుం వంచనివాడు..."

"మనిషే కాడు" అన్నారు ఇరవై మంది, తాంబూలం నములుతూ.

పొద్దు వాలేసరికి సగం తోటలో నేల కనపడింది. నేల మీద పిక్కలు కనపడ్డాయి. దుర్గ దోసిలి నిండా ఏరి వాళ్లమ్మ చేతుల్లో పోసింది. రత్నాలమ్మ గారు వాటిని చాలాసేపు తడిమి చూసుకుని కొంగున కట్టుకున్నారు.

"అల్లుడు పనోడేనే. ఇన్నాల్లూ దాసేడు" అన్నారు.

దీపాలు పెట్టాక దుర్గ మంగళసూత్రానికున్న పిన్నీసు తీసి, నా అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని ముళ్లు తియ్యడం మొదలెట్టింది. ముల్లుకో తిట్టు. తిట్టు ఎంత గట్టిగా ఉంటే పిన్నీసు అంత మెత్తగా ఆడింది. చివరికి పిన్నీసు మళ్లీ సూత్రానికి తగిలించేసింది.

"బొటనవేలి దగ్గర ఒకటి ఉండిపోయింది" అన్నాను.

"తెల్సు. అది ఆదోరం దాకా ఉండనీండి. ఈసారి నొప్పెక్కడో ఎతుక్కోనక్కర్నేదు."

అని, దాని మీద కొబ్బరినూనె రాసి, చెయ్యి వదలకుండా మళ్లీ మొదట్నించీ తిట్టింది.