అద్దాల పెట్టెలో ఏడేళ్ళ ఫోను

"ఇకమీదట ఈ దేశంలో ఏ ఫోనూ ఏడేళ్ళు నిండకుండా చావడానికి వీల్లేదు!" అని కమ్యూనికేషన్ల మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి, జేబులోంచి తన ఫోను తీసి పైకెత్తి చూపించారు. అది ఆయనకి ఆ ఏడాదిలో మూడో ఫోను. చప్పట్లతో ప్రెస్‌మీట్ హాలు దద్దరిల్లింది.

"ఫోను నిక్షేపంలా ఉంటుంది. కంపెనీవాడు అప్‌డేట్లు ఆపేస్తాడు. దాంతో అది ఉండీ లేనట్టే. దీన్నేమంటారు? హత్య అంటారు! నా హయాంలో హత్యలు సాగనివ్వను!" అని బల్ల గుద్దారు. మామూలు హత్యలు అప్పటికీ సాగుతూనే ఉన్నాయిగానీ, అవి వేరే శాఖ కిందికొస్తాయి.

విలేకరుల వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పి.ఎ. కళ్ళు తుడుచుకున్నాడు. ఎందరో మంత్రులకి ఉపన్యాసాలు రాసి, వాటినే మళ్ళీ విని కూడా అతను ఏనాడూ చలించిన పాపాన పోలేదు. ఇది కూడా అతను రాసిందే. కాకపోతే ఈసారి కూతుర్ని తల్చుకుని రాశాడు.

కూతురు కాలేజీలో చదువుతోంది. చిన్నప్పట్నుంచీ షుగరు. దాని జబ్బకి బొత్తాం సైజులో ఒక బిళ్ళ అంటించి ఉంటుంది. ఒంట్లో షుగరు ఎంతుందో ఆ బిళ్ళ ఎప్పటికప్పుడు ఫోనుకి చెబుతుంది. మరీ పడిపోతే ఫోను గట్టిగా కేక పెడుతుంది. ఆ కేక విని ఎవరో ఒకరు ఇంత పంచదార నోట్లో పోస్తే పిల్ల లేచి కూర్చుంటుంది. ఆ కేకని నమ్ముకునే ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నారు.

ఇప్పుడు ఆ ఫోనుకి అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్‌డేట్ లేని ఫోన్లలో వచ్చే నెల నుంచి మా యాప్ పనిచెయ్యదు, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని బిళ్ళ కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా మెసేజి పెట్టారు. ఫోనుమీద చిన్న గీత కూడా పడలేదు. కొత్తది కొనడం ఇప్పట్లో పి.ఎ. వల్ల అయ్యే పని కాదు.

"వేలు పొడుచుకుని చూసుకోవచ్చుగా?" అన్నారు ఆఫీసులో ఎవరో.

"చూసుకోవచ్చండీ. నిద్రలో పడిపోతే సూది కేక పెట్టదు కదా" అన్నాడు పి.ఎ.

అందుకని ఆ చట్టాన్ని అతను నెత్తిన పెట్టుకుని మోశాడు. చిత్తు ప్రతి తయారయ్యాక ఫోన్ల కంపెనీ ప్రతినిధి మంత్రిగారి ఛాంబర్‌కి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. ఆ నవ్వు కూడా కంపెనీ ఇచ్చిందే అయ్యుండాలి, ఎంతసేపటికీ చెక్కు చెదరలేదు.

"ఏడేళ్ళకి మేం రెడీ సార్. ఎప్పట్నుంచి లెక్కపెట్టాలన్నదే చిన్న పాయింటు."

"జనం కొన్న రోజు నుంచి" అన్నారు మంత్రిగారు, పి.ఎ. రాసిచ్చిన కాయితంలోకి చూసి.

"తమకి తెలియందేముంది సార్. బిడ్డకి ప్రాణం పుట్టాక వస్తుందా? కడుపులో పడ్డప్పుడే వస్తుంది. ఫోనూ అంతే. మా ఇంజనీరు కాయితం మీద మొదటి గీత గీశాడే, అదీ దాని పుట్టుక."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్ళు మూసుకున్నారు. "ఎంత లోతైన మాట! ఏమయ్యా పి.ఎ., ఇంత చదువుకున్నావు, నీకెందుకు తట్టలేదు? మార్చు, మార్చు."

పి.ఎ. అభ్యంతరం చెబుదామని నోరు తెరిచాడు. అంతలో ప్రతినిధి మరో మాట అందించాడు. "చట్టం ప్రారంభోత్సవం రోజున, అప్‌డేట్లు ఆగిపోయిన ఒక ఫోనుకి తమ చేతుల మీదుగా ప్రాణం పోయిద్దాం సార్. ఆ ఒక్కదానికీ మా ఇంజనీర్లు స్పెషల్‌గా అప్‌డేట్ తయారుచేస్తారు. తమరు బటన్ నొక్కితే చాలు. ఎవరిదైనా ఒక ఫోను కావాలి."

పి.ఎ. తెరిచిన నోట్లోంచి వేరే మాట బయటికొచ్చింది. "మా అమ్మాయిది ఉందండీ."

ఆ పూట దేశంలో ఉన్న మిగతా ఫోన్లన్నీ గాలికి పోయాయి. సవరణని పి.ఎ. స్వయంగా టైపు చేశాడు. ఒక్క అచ్చుతప్పు కూడా రాలేదు.

ప్రారంభోత్సవం అంగరంగ వైభవంగా జరిగింది. మంత్రిగారు బటన్ నొక్కారు. ఫోను ఆరిపోయి, వెలిగి, "అప్‌డేట్ పూర్తయింది" అని చూపించింది. వేదిక పక్కనున్న పి.ఎ. ఫోనుకేసి మెడ సాచి చూశాడు. యాప్ పనిచేస్తోంది. మొదటి వరసలో కూర్చున్న తన కూతురి షుగరెంతో అంకె కనిపిస్తోంది. అతను ఉబ్బితబ్బిబ్బయ్యాడు. లోకంలో మంత్రులూ కంపెనీలూ అంత చెడ్డవాళ్ళేం కాదని కూడా అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారికి ఆవేశం వచ్చింది. "ఈ ఫోను ఇక చావదు! దీన్ని మా శాఖ భవనంలో, మెట్ల ముందు హాల్లో, అద్దాల పెట్టెలో పెట్టి, చార్జరు తగిలించి, ఏడేళ్ళు జనానికి చూపిస్తాం! తాళం నా దగ్గరే ఉంటుంది!"

పి.ఎ. వేదిక దిగుతున్న మంత్రిగారి వెంటపడ్డాడు. "సార్, సార్, అది మా అమ్మాయిది సార్. దానికి షుగరు..."

"షుగరు నాకూ ఉందయ్యా. నేనేమన్నా ఫోను ఇమ్మని అడుగుతున్నానా?" అన్నారు మంత్రిగారు. "నీదీ నాదీ అనకూడదు. ఇప్పుడది జాతి సొత్తు."

ఆయన త్యాగబుద్ధికి పక్కనున్నవాళ్ళు తలలూపారు. కంపెనీ ప్రతినిధి అదే నవ్వుతో వచ్చి, పి.ఎ. చేతిలో సీలు కూడా విప్పని కొత్త ఫోను పెట్టాడు. "మా గిఫ్టు. అమ్మాయికివ్వండి."

ఇంటికెళ్ళి విప్పి చూస్తే, ఈ మోడల్‌కి అప్‌డేట్లు ముగిశాయి అని వచ్చింది. దాని మొదటి గీత గీసి గత నెలకే ఏడేళ్ళు నిండాయి. పెట్టెలోంచి బయటికి రాకముందే అది చట్టప్రకారం నిండు జీవితం గడిపేసింది. యాప్ అందులో తెరుచుకోలేదు.

"గీత గీసిన్నాటి నుంచి లెక్కేమిటండీ! ఆ ముక్క చట్టంలో రాసిన మహానుభావుడెవరో, వాడి చేతులు పడిపోనూ!" అంది భార్య. పి.ఎ. తన చేతులు రెండూ ఒళ్ళో దాచుకున్నాడు.

దేశం మొత్తం మీద ఆ యాప్ పనిచేసే పాత ఫోను ఒక్కటే ఉంది. అది మంత్రిగారి హాల్లో ఉంది. అంచేత కాలేజీ వదలగానే కూతురు అక్కడికొచ్చి, అద్దాల పెట్టె పక్కన నేలమీద కూర్చుని చదువుకునేది. బిళ్ళ మాటలు అద్దంలోంచి కూడా ఫోనుకి వినిపిస్తాయి. మధ్యమధ్య తలెత్తి తన అంకె చూసుకునేది. రాత్రుళ్ళు భార్యాభర్తలు వంతులేసుకుని పిల్ల పక్కన మేలుకునేవాళ్ళు.

నాలుగు రోజులకి ఒక విలేకరి కంట్లో పడింది. "పాత ఫోను చెంత నేటి యువత: మంత్రి చొరవకి అపూర్వ స్పందన" అని ఫోటోతో సహా వేశాడు. మంత్రిగారు ఆ పేపరు ఫ్రేము కట్టించారు. అంతటితో ఆగక, ఆ స్పందనని కళ్ళారా చూడ్డానికి కెమెరాలతో హాల్లోకి వస్తున్నానని కబురు పెట్టారు.

ఆరోజు కాలేజీకి సెలవు కావడంతో కూతురు పొద్దున్నే హాల్లోకి వచ్చేసింది. మంత్రిగారు పదింటికి వస్తారన్నారు. సెక్యూరిటీవాళ్ళు హాల్లో ఉన్నవాళ్ళందర్నీ తాడు వెనక్కి నెట్టి, సంచులన్నీ లాక్కున్నారు. కూతురు సంచీలో టిఫిన్ డబ్బా ఉంది, గ్లూకోజు బిస్కెట్లున్నాయి.

"నాకు షుగరండీ. ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసుకొచ్చాను, ఏదోటి తినకపోతే పడిపోతాను" అంది.

"మంత్రిగారొచ్చేదాకా ఎవరూ కదలకూడదమ్మా. ఆయనొచ్చాక ఎంతైనా తినొచ్చు" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు.

మంత్రిగారు మధ్యాహ్నం వచ్చారు. వెనక పి.ఎ. ఫైలు పట్టుకుని వస్తున్నాడు. మంత్రిగారు గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే, అద్దాల పెట్టెలో ఫోను కేక పెట్టింది.

మంత్రిగారు ఛాతీమీద చెయ్యి వేసుకున్నారు. "నన్ను చూసి మోగింది" అన్నారు మెల్లగా. తర్వాత గట్టిగా, కెమెరాలకేసి తిరిగి, "చూశారా! విశ్వాసం చూశారా!"

చప్పట్లు మార్మోగాయి. పి.ఎ.కి అవేమీ వినపడలేదు. ఆ కేక ఎందుకో అతనికి తెలుసు. ఫైలు కింద పారేసి, మంత్రిగారి కోసం వస్తున్న టీ ట్రేలోంచి పంచదార గిన్నె లాక్కుని, తాడు దాటి దూకాడు. కూతురు చెమటలు కక్కుతూ నేలమీద బోర్లా పడి ఉంది. వెల్లకిలా తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుని, పంచదార బుగ్గలోపల రాయడం మొదలెట్టాడు. అతనికి ఏడుపొచ్చింది. ఎవరి గొంతైనా పిసకాలనీ అనిపించింది.

"ఆ అమ్మాయి సాష్టాంగపడిందా? లేవమనండయ్యా, నాకివన్నీ గిట్టవు" అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ. "ఇదిగో, మా పి.ఎ. సంతోషం పట్టలేక జనం నోళ్ళు తీపి చేస్తున్నాడు. తియ్యండి, ఫోటో తియ్యండి."

తీశారు. కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది. మరికాసేపటికి లేచి కూర్చుంది. అద్దాల పెట్టెలో అంకె పైకెక్కింది, కేక ఆగిపోయింది.

మంత్రిగారి మొహం చిన్నబోయింది. "అప్పుడే ఆగిపోయిందేం? ఏమయ్యా పి.ఎ., రేపు పెద్దాయన్ని, అదే ప్రధానమంత్రిగారిని, తీసుకొస్తున్నాను. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే సరిగ్గా ఇలాగే మోగాలి. ఎలా చేస్తావో నాకు తెలీదు, ఆ ఏర్పాటు నువ్వే చూడు."

కూతురు మూతికంటిన పంచదార చేత్తో తుడుచుకుంది.

"పెద్దాయన ఎన్నింటికొస్తారో కనుక్కో నాన్నా" అంది. "దాన్నిబట్టి తిండి మానేస్తాను."