నూటొక్క కాపీల షరతు

శనివారం పొద్దున అరుణ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఉప్మా ఉడికేలోపు బ్లాగులో కొత్త పాఠం పెట్టేసి, తొమ్మిదింటి బస్సుకు పరిగి వెళ్లాలి.

ఆమె పరిగి దగ్గరి ఒక పల్లెలో పశువుల ఆసుపత్రి సహాయకురాలు. గొర్రెలు కాసేవాళ్లకు అర్థమయ్యే భాషలో రోగాల గురించీ మందుల గురించీ రాస్తుంది. భర్త యువరాజ్‌కు వాళ్లు కాపురమున్న హిందూపురంలోనే కంప్యూటర్ల పని. బ్లాగు సాఫ్ట్‌వేర్ ఎక్కించింది అతనే. ప్రతి పేజీ అడుగునా షరతులు కూడా అతనే పెట్టాడు: "దీన్ని ఎవరైనా అచ్చు వేయించి పంచవచ్చు. రాసినవారి పేరు తీయకూడదు. ఏదైనా మారిస్తే ఎవరు మార్చారో రాయాలి. పంచేవారు ఇవే షరతులతో పంచాలి." మూడేళ్లలో ఆ పాఠాలను ఎందరో ఎత్తుకుపోయారు గానీ, ఆమె పేరు ఉంచిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

ఆ రోజు పాఠం వానలకు ముందు గొర్రెలకు పోసే పురుగుల మందు గురించి. అరుణ మీట నొక్కింది. యువరాజ్ ఎప్పటిలాగే ఒక కాపీ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు, ఆసుపత్రి గోడకు అంటించడానికి. బస్సు హారన్ విని అరుణ దాన్ని మరిచిపోయి పరుగెత్తింది.

బల్ల పక్కనే ఆమె మామ పోతులయ్య కూర్చుని ఉన్నాడు. ఆయనా, అత్త చౌడక్కా చిలమత్తూరు నుంచి ముందురోజే వచ్చారు. పెనుకొండలో చౌడక్క తమ్ముడు నారాయణప్పను చూసి, బంధువుల పెళ్లికని ధర్మవరంలో చీర కొని, ఊరు చేరాలని వాళ్ల ఆలోచన. పోతులయ్య కాగితం తీసుకుని అడుగున ఉన్నది చదివాడు. ముఖం పాలిపోయింది.

ఆయన భయం ఈనాటిది కాదు. ముప్పై ఏళ్ల కిందట ఎవరో ఆయన చేతిలో ఒక కరపత్రం పెట్టారు. నూటొక్క కాపీలు పంచినవారికి మేలు, పారేసినవారికి కీడు అని అందులో ఉంది. ఆయన దానిలో బెల్లం పొట్లం కట్టుకున్నాడు. వారం తిరక్కుండా మందలో పొట్టేలు పోయింది. అప్పటినుంచి పంచమన్న కాగితం కనిపిస్తే చాలు, పంచితే గానీ ఆయనకు ముద్ద దిగదు. ఒకసారి సర్కస్ కరపత్రం కూడా పంచాడు.

పదకొండున్నరకు ఆసుపత్రిలో అరుణ ఫోన్ మోగింది. నారాయణప్ప.

"అమ్మా అరుణా, నీ కాగితం మా బావ తెచ్చిచ్చినాడు. నేనూ నూటొకటి తీయించి పంచేసినా. ఇంగ మా మందకు కీడు లేదు కదమ్మా?"

"ఏం కాగితం మామా?"

"అదే, పురుగుల మందుది. అప్పుడే కొందరు మందు పోస్తాండారు."

అరుణకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. ఆ సంతోషంతోనే ఫోన్‌లో బ్లాగు తెరిచి చూసుకుంది. "చూలు గొర్రెలకు ఈ మందు పోయకండి" అన్న చివరి వాక్యం లేదు. రాత్రి రాసిన ఆ వాక్యం చిత్తుప్రతిలో ఉండిపోయింది, పొద్దున ఆమె ప్రచురించింది అంతకుముందు ప్రతిని.

"మామా! చూలు గొర్రెల సంగతి అందులో ఉందా?"

"నేను చదవలేదమ్మా. పంచేదానికి చదవల్లనా?"

"ఒకటి తీసి చూడు మామా!"

"ఒక్కటీ మిగల్లేదు. మిగిలిస్తే కీడు కదా!"

బ్లాగులో వాక్యం దిద్దడానికి అరుణకు నిమిషం పట్టలేదు. ఊళ్లమీద పడిన కాగితాలను దిద్దే మీట ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. చూలు పోగొట్టుకునే గొర్రెలు, తన మాట నమ్మి ఏడ్చే కాపర్లు, ప్రతి కాగితం మీదా తన పేరు, అదీ తమ షరతు ప్రకారమే! ఆమెకు ఏడుపొచ్చింది.

ఆమె ఫోన్ చేస్తే యువరాజ్ బండి మీద వచ్చి ఎక్కించుకున్నాడు. నాన్నకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఛార్జింగ్ అయిపోతుందని పోతులయ్య ఫోన్‌ను తనకు మాట్లాడాలనిపించినప్పుడే తెరుస్తాడు. పెనుకొండలో నారాయణప్ప ఇల్లు వెతికినా ఒక్క కాగితం దొరకలేదు.

"కాగితాలు తీసుకున్నోళ్లంతా యాడికి పోయినారు మామా?" అన్నాడు యువరాజ్.

"ఒకరా ఇద్దరా అప్పా? వాళ్లూ పంచేదానికి పోయినారు."

"మా నాయన?"

"మిగిలినవి తీసుకొని ధర్మవరం పాయ."

ధర్మవరంలో నాలుగో పట్టుచీరల అంగడిలో దొరికారు. పోతులయ్య కౌంటరు దగ్గర నిలబడి, జన్మలో గొర్రెను పెంచని అంగడి యజమానికి కాగితం ఇస్తున్నాడు. చౌడక్క చీర అంచు వేళ్లతో రుద్ది చూస్తోంది.

"మామా, ఆ కాగితం ఇయ్యి!" అరుణ లాక్కున్నంత పని చేసింది. పై నుంచి కిందికి చదివింది. చివర, పోతులయ్య పెన్నుతో రాసిన వంకర అక్షరాలు: "చూలు గొర్రెలకు పోయొద్దు. ఈ మాట చేర్చింది చౌడక్క."

అరుణ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"అత్తా... ఇది?"

"బస్టాండులో ఈయప్ప చదివి వినిపిచ్చినాడు. చూలు గొర్రెల మాట యాడ, ఆ మాట లేకుంటే మందలు మునుగుతాయి, రాయి అంటి. మారిస్తే ఎవురు మార్చినారో రాయల్లని ఈడ ఉండాదే అని వణికినాడు. నా పేరు రాసుకో, నాకేం భయమా అంటి. రాసినాకే జిరాక్సు మిషన్లో పెట్టించినాడు."

"అంటే... అన్నిట్లోనూ ఉండాదా అమ్మా?" అన్నాడు యువరాజ్.

"లేకుండా ఎట్ల పంచుతాము రా?"

అరుణ అత్తను గట్టిగా వాటేసుకుంది. పొద్దున్నుంచి గుండెల మీదున్న బండ దిగింది. యువరాజ్ మాత్రం కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. రాసినవారి పేరు ఉంది. మార్చినవారి పేరు ఉంది. షరతులు నాలుగూ అక్షరం పోకుండా ఉన్నాయి. మూడేళ్లలో ఆ షరతులన్నీ పాటించిన మొదటి మనిషి తన కన్నతండ్రే. అడుగున మాత్రం ఐదోది ఒకటి కొత్తగా చేరింది: "పంచకుండా పారేసినవారి మందలో పొట్టేలు దక్కదు."

"నాయనా, ఇది మేం పెట్టలేదే!"

"మీరు మర్సిపోయింటే నేను రాసినా."

మర్నాడు అరుణ బ్లాగులో చౌడక్క పేరు చేర్చింది. పోతులయ్య పక్కన కూర్చుని తన ఐదో షరతునూ పెట్టించాడు. అది అక్కర్లేదని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు; దాన్ని తీసేసే ధైర్యం మాత్రం ఇప్పటిదాకా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.