మిగులు ఊలు ఇవ్వగలరు

సోమవారం పొద్దున్నే హెడ్ గుమాస్తా గారి ఇంట్లో ఒక తీర్మానం జరిగింది. వచ్చే ఆదివారం ఆయన తల్లి వస్తున్నారు. రెండు రోజులు ఉండి వెళ్లడానికి కాదు, మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి ఇక ఇక్కడే ఉండిపోవడానికి. ఆలోపల వెనకగది ఖాళీ కావాలి.

దాన్ని గది అనడం మర్యాద కోసమే. తలుపు తోస్తే సగం తెరుచుకుని, ఊలు సంచులకు ఆనుకుని ఆగిపోతుంది. ఆయన భార్య కంటి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ లేని రోజున ఊలు కొనడం ఆమెకు విశ్రాంతి, అల్లిక మొదలుపెట్టడం ఆనందం, పూర్తి చేయడం మాత్రం ఎప్పటికీ రేపటి పని. పద్నాలుగేళ్లలో ఆ గదిలోకి చేరినవి జోడు లేని మేజోళ్లు, బొటనవేలు దగ్గర ఆగిపోయిన చేతి తొడుగులు, జానెడు మఫ్లర్లు, బొంత కుట్టాలని కత్తిరించి పెట్టుకున్న పాత చొక్కాల, కర్టెన్ల, దిండు గలీబుల ముక్కలు. ఊలు ఉండలకైతే అంతే లేదు.

"అత్తయ్య మంచానికి ఒక్క బొంతకి సరిపడా ముక్కలు ఉంచుకుంటాను. మిగిలిందంతా ఎవరికైనా ఇచ్చేద్దాం," అంది ఆమె గుండె రాయి చేసుకుని. "మా దగ్గర ఊలు ఉంది, కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి అని కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించండి. అంతే."

"అది నోటీసా, కేకా?" అన్నారు హెడ్ గుమాస్తా గారు.

నీటి సరఫరా ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా నోటీసులన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తున్నాయి. రేపు నీళ్లు రావు అన్న ముక్కని ఆయన ఆరు పంక్తుల్లో, చదివినవాడు బిందెలు నింపుకోవాలో వద్దో తేలకుండా రాయగలరు. అలాంటి మనిషి చేత "పట్టుకెళ్లండి" అని రాయించడం ఎవరి తరం? ఆయన తెల్లకాగితం తీసి, గీతలు గీసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశారు: "మూడవ అంతస్తు, ఆరవ నంబరు ఇంటి వద్ద మిగులు ఊలు, గుడ్డముక్కలు ఇవ్వగలరు."

ఆ సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే తలుపు చప్పుడైంది. కింది అంతస్తులో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు. చేతిలో ఉబ్బిన సంచి.

"మా ఆవిడకి చూపు ఆనక అల్లడం మానేసిందండి. పారెయ్యడానికి మనసొప్పక దాచుకున్నాం. మంచి పని చేస్తున్నారు," అని సంచి ఆయన చేతిలో పెట్టి, నోరు తెరిచేలోపు మెట్లు దిగిపోయాడు. అతని వెనకే రెండో అంతస్తు పళ్ల డాక్టరు భార్య ఒక అట్టపెట్టె తెచ్చింది. ఆవిడ వెనకే లిఫ్టు మెకానిక్ వాళ్లక్క పంపిందంటూ మూట తెచ్చాడు.

భార్య డ్యూటీ దిగి వచ్చేసరికి హాల్లో సోఫా కనబడలేదు.

"ఇచ్చెయ్యమంటే తెచ్చుకున్నారేంటండీ?"

"నేను తేలేదు. వాళ్లే ఇచ్చారు."

"ఎందుకిచ్చారు?"

ఆయన పంకా వేపు చూశారు. ఆమె కిందికి వెళ్లి, నోటీసు చదివి, అంతే వేగంగా పైకి వచ్చింది.

"ఇవ్వగలరు అంటే ఏంటి?"

"నువ్వు ఇవ్వగలవు అని. గౌరవం కోసం బహువచనం వాడాను."

"పెళ్లయి ఇన్నేళ్లలో ఇంట్లో ఎన్నడూ లేని గౌరవం గోడ మీద ఎందుకండీ? చదివినవాళ్లకి, అయ్యా మీరు ఇవ్వండి అన్నట్టుంది."

తప్పు జరిగిందని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు గానీ, సవరణ చేయడం బాగా తెలుసు. మంగళవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ "ఇవ్వగలరు" అన్నదాన్ని స్కేలు పెట్టి కొట్టేసి, పైన "తీసుకోగలరు" అని రాసి, పక్కన పొట్టి సంతకం కూడా చేశారు.

సాయంత్రానికి వీధి మలుపులో ఉండే దర్జీ రెండు గోనెల కత్తిరింపులతో గుమ్మంలో నిలబడ్డాడు.

"నిన్ననే తెద్దామనుకున్నానండి. ఇన్ని తీసుకుంటారో లేదోనని మొహమాటపడ్డాను. తీసుకోగలరని ఇవాళ మీరే రాశారుగా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

హెడ్ గుమాస్తా గారికి జీవితంలో మొదటిసారి తెలుగు మీద అనుమానం కలిగింది.

ఎవరో ఆ నోటీసుని సోమవారమే, దిద్దకముందే ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. బుధవారం మూడు వీధుల అవతలి నుంచి కూడా సంచులు వచ్చాయి. ఇన్ని సంచులు ఒక్క ఇంటికే ఎందుకు పోతున్నాయన్నది జనానికి తేల్చుకోవలసిన విషయమైంది. ఆ ఇంటావిడ నర్సు. బొంత కుడుతోందని ఆమె నోటే విన్నానని పళ్ల డాక్టరు భార్య చెప్పనే చెప్పింది. రెండూ కలిపితే కథ దానంతటదే తయారైంది. గురువారం వార్డులో మేట్రన్ ఆమెని అందరి ముందూ ఆపి భుజం తట్టింది.

"ఆపరేషన్ అయినవాళ్లకి మంచానికో బొంత కుట్టిస్తున్నావటగా. నాతో ఒక్క మాటైనా అనలేదే. నలభై మంచాలమ్మాయ్. పెద్ద డాక్టరు గారికి కూడా చెప్పేశాను."

ఇంటికొచ్చి ఆమె ఈ సంగతి చెబితే హెడ్ గుమాస్తా గారు తల పట్టుకున్నారు.

"కాదు అనడం రాదా నీకు? రెండక్షరాలు."

"మీకు పట్టుకెళ్లండి అని రాయడం వచ్చిందా?"

ఆ పూట ఇద్దరూ హాల్లో చెరో పక్క కూర్చుని భోంచేశారు. మాట్లాడుకోవాలన్నా మధ్యలో దర్జీ గోనెలు అడ్డం.

శుక్రవారం ఆయన నోటీసు చింపేశారు. శనివారం సెలవు పెట్టి ఇద్దరూ నడుం బిగించారు. అటక మీద కుక్కారు, మంచాల కింద తోశారు, స్నానాలగదిలో బకెట్లలో నింపారు. బియ్యం డబ్బా పక్కన కూడా ఎర్ర ఊలు చేరింది. ఎంత సర్దినా వెనకగదిలో మంచానికీ గోడకీ మధ్య ఆరు గోనెలు మిగిలిపోయాయి. వాటి మీద దుప్పటి కప్పి బల్లలాగా కనబడేట్టు చేశారు. ఉంచుకున్న ముక్కలు ఏ సంచిలో కలిసిపోయాయో తెలియక, అత్తగారి బొంత మొదలే కాలేదు.

"అమ్మ తనకి చోటు లేదనుకుంటుందేమో," అన్నారాయన నెమ్మదిగా. ఆ మాటకి భార్య కోపం సగం దిగిపోయింది. ఆయన జుట్టుకి అంటుకున్న పీచు తీసి, "అత్తయ్య అలా అనుకోరులెండి," అంది. ఆమెకీ నమ్మకం లేదు.

ఆదివారం పదింటికి టాక్సీ వచ్చి ఆగింది. ముందు చేతికర్ర దిగింది, తరువాత పెద్దావిడ దిగారు, ఆ తరువాత టాక్సీ డ్రైవరు వెనక డిక్కీలోంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు సంచులు దించాడు. హెడ్ గుమాస్తా గారు ఒక సంచి పట్టుకోగానే తేలిగ్గా పైకి లేచింది. ఆ తేలిక ఆయనకి ఈ వారంలో బాగా పరిచయమైనదే.

"ఊలురా నాన్నా," అన్నారు పెద్దావిడ. "నీ నోటీసు ఫొటో మీ చెల్లి ఫోన్లో చూపించింది. ఎంత చక్కగా రాశావు. ఇవ్వగలరు అని ఒక్కమాట, ఎవడికైనా అర్థమవుతుంది. బళ్లో పిల్లలకి తెలుగు నేర్పిన నా చేతులు ఊరికే పోలేదు."

కొడుకు కోడలి వైపు చూశాడు. కోడలు ఆకాశం వైపు చూసింది.

పైకి వచ్చాక ఆవిడ వెనకగదిలోకి వెళ్లి, కర్రతో దుప్పటి ఎత్తి గోనెలు చూశారు. ఆవిడ మంచం మీద కూర్చుని కాళ్లు చాపుకున్నారు.

"నిజం చెప్పనా అమ్మాయ్. నాకు ఇక్కడికి రావడం ఇష్టం లేదు. మీరిద్దరూ పొద్దున్నే పనికి పోతే గోడలు చూస్తూ ఏం చెయ్యను? వెళ్లనని మీ ఆడపడుచుతో పేచీ కూడా పెట్టుకున్నాను. ఆ కాగితం చూశాకే సామాను సర్దాను. నాకూ చోటుందనిపించింది."

కోడలు గోనె జరిపి అత్తగారి పక్కనే కూలబడింది. "నలభై బొంతలు అత్తయ్యా," అంది. చెప్పాలనుకున్నది అది కాదు గానీ, నోటికి వచ్చింది అదే.

"నలభయ్యేనా? సంచులిచ్చినవాళ్లందరినీ మధ్యాహ్నాలు వచ్చి కూర్చోమను. సూదుల్లో దారం నేను ఎక్కించి ఇస్తాను."

తరువాత ఆవిడ తన సంచిలోంచి పసుపు ఊలు అల్లిక ఒకటి బయటికి తీశారు. చిన్న చెయ్యి ఒక్కటే పూర్తయి ఉంది, మిగతా అంతా సూదికి వేలాడుతోంది.

"నీకు ఆరేళ్లప్పుడు మొదలుపెట్టిన స్వెట్టరురా. నేను అల్లేకొద్దీ నువ్వు ఎదిగిపోతుంటే విసుగొచ్చి వదిలేశాను. ఇప్పుడిక ఎదగవుగా, ధైర్యంగా పూర్తి చేస్తాను."

"ఆ చెయ్యి విప్పేసి మళ్లీ అల్లొచ్చు కదమ్మా."

"వేళ్లు కాయలు కాచేలా అల్లింది. విప్పుతానా?"

బొంతలు ఇప్పటికి ఇరవై ఎనిమిది అయ్యాయి. మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు, ఈసారి మనుషులతో. చలి మొదలైన రోజున స్వెట్టరు కూడా పూర్తయింది. హెడ్ గుమాస్తా గారు దాన్ని రోజూ ఆఫీసుకు తొడుక్కునే వెళ్తున్నారు. ఆ చిన్న చెయ్యి కుడివైపు రావడంతో మోచెయ్యి వంగక, సంతకాలు కావలసిన ఫైళ్లన్నీ ఎండాకాలానికి వాయిదా పడ్డాయి.